ఛాయాచిత్రం: ప్రత్యక్షమా, సాక్ష్యమా?

మన తార్కికులు జ్ఞానానికి దారులు నాలుగని చెప్పినారు. కంటితో చూచి తెలిసికొన్నది ప్రత్యక్షం. కొండమీద పొగను చూచి అక్కడ నిప్పున్నదని ఊహించడం అనుమానం. ఎరిగిన వస్తువుతో పోల్చి ఎరుగని వస్తువును గుర్తించడం ఉపమానం. నమ్మదగినవాడు చెప్పగా విని గ్రహించినది శబ్దం. ఈ విభజన చేసిననాటికి ఛాయాచిత్రమనేది లేదు. ఉండినట్లయితే దానిని ఏ అరలో పెట్టవలెనని వారు గట్టిగానే వాదించి ఉండేవారు.

మనమైతే వాదం లేకుండానే దానిని మొదటి అరలో పెట్టివేసినాము. హిమాలయాలు చూచి వచ్చిన మిత్రుడు వర్ణించి చెప్పితే సగం నమ్ముతాము. ఫోటో తీసి చూపితే ఇక మాటలేదు. మనుష్యుల చిత్రాల విషయంలోనైనా ఆ నవ్వు తెచ్చిపెట్టుకొన్నదేమో, ఆ పట్టుచీర అరువు తెచ్చుకొన్నదేమో అని కొంత సందేహిస్తాము. కొండకు, ఏటికి, ఆకాశానికి నటన తెలియదు గదా! అందుచేత ప్రకృతిదృశ్యాన్ని పట్టిన ఛాయాచిత్రం అన్నింటికన్న నమ్మకమైనదని మన భావం. ఈ భావం ఎంతవరకు నిలుస్తుందో కొన్ని ప్రసిద్ధ చిత్రాల చరిత్రనుబట్టి విచారించుదాము.

మొదట ఆకాశం సంగతి. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆయన కలోడియన్ విధానాన్ని ప్రకటించినాడు. గాజుపలకమీద కలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీసి, వెంటనే కడిగి వేయవలెను. ఆ పలకకు ఒక లోపమున్నది. అది నీలి కాంతికి త్వరగా చలిస్తుంది. ఆకుపచ్చకు, ఎరుపుకు దాదాపు చలించదు. పచ్చని చేలు, ఎర్రని నేల పలకమీద పడేటంతసేపు మూత తీసి ఉంచితే, ఈలోగా ఆకాశం మితిమీరి పడి, మబ్బులన్నీ చెరిగిపోయి, అచ్చులో వట్టి తెల్లకాగితంలాగ కనిపించేది. ఎర్రరంగును కూడ గుర్తించే పలకలు ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికి గాని బజారులోకి రాలేదు. అంటే ఛాయాగ్రహణం పుట్టిన తరువాత ఎన్నో దశాబ్దులు కెమెరా ఒక విధమైన వర్ణాంధురాలే.

ఈ లోపాన్ని కప్పడానికి ఒక్కొక్కరు ఒక్కొక్క ఉపాయం పన్నినారు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1857 ప్రాంతంలో సెత్ రేవువద్ద సముద్రపు కెరటాలను చిత్రించినాడు. ఆయన సముద్రాన్ని ఒక పలకమీద, ఆకాశాన్ని ఇంకొక పలకమీద వేరువేరుగా తీసి, దిగంతరేఖవద్ద రెంటినీ అతికి ఒకే కాగితంమీద అచ్చువేసినాడు. ఆ ఆకాశాలలో కొన్ని ఒకటికి మించిన సముద్రాలపైన కనిపిస్తవి! చూచినవారు మాత్రం, కదిలే కెరటాన్ని, కదిలే మబ్బును ఒక్క క్షణంలో పట్టినాడని ముక్కుమీద వేలు వేసికొన్నారు.

మద్రాసు సైన్యంలో అధికారిగా ఉండిన లినేయస్ ట్రైప్ మార్గం వేరు. ఆయన 1855లో రాయబారవర్గంతో బర్మాకు వెళ్ళి అక్కడి పగోడాలను, తరువాత మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా 1857, 1858 సంవత్సరాలలో శ్రీరంగం, తంజావూరు, మధుర మొదలైన దక్షిణదేశపు క్షేత్రాలను చిత్రించినాడు. తంజావూరు బృహదీశ్వరాలయం పునాది గోడలమీద ఉన్న శాసనాన్ని పలు భాగాలుగా తీసి, చేర్చి, పంతొమ్మిది అడుగులకు మించిన పొడవున ఒకే పటంగా అమర్చిన శ్రద్ధాళువు ఆయన. శాసనపు అక్షరం ఒక్కటి తప్పిపోకూడదనుకొన్న ఆ మనిషే తన కాగితపు నెగెటివులమీద కుంచెతో రంగు పూసి మబ్బులను సృష్టించినాడు.

ఇందులో ఏది అబద్ధం? యంత్రం ఇచ్చిన తెల్లని ఆకాశం ఎవరి కంటికీ ఎన్నడూ కనిపించనిది. ట్రైప్ గీసిన మబ్బు కంటికి సహజమైనదే. కాని ఆనాడు ఆ గోపురంపైన ఉండినది కాదు. యంత్రాన్ని నమ్మితే దృష్టికి ద్రోహం, దృష్టిని నమ్మితే ఆ దినానికి ద్రోహం. కనుక చెయ్యి తగలని చిత్రం నిజమనీ, చెయ్యి తగిలినది అబద్ధమనీ తేల్చివేయడం అంత సులభం కాదు.

ఇక రెండవ ఉదాహరణ యుద్ధభూమి. 1855లో బ్రిటన్, ఫ్రాన్సు, తుర్కీ మొదలైన రాజ్యాలు క్రిమియాలో రష్యాతో పోరాడుతున్న కాలం. రోజర్ ఫెంటన్ అనే ఆంగ్లేయుడు ఒక ద్రాక్షసారాయి వర్తకుని బండిని చీకటిగదిగా మార్పించుకొని మార్చి నెలలో బాలక్లావా రేవులో దిగినాడు. అక్కడ తీసిన 300కు పైగా చిత్రాలలో ఒకటి లోకప్రసిద్ధి పొందినది. సెవస్తపోల్ ముట్టడి జరుగుతున్న చోట రష్యన్ ఫిరంగులకు ఎదురుగా ఒక లోయ ఉండేది. అటు పోయినవారికి ప్రాణాలమీద ఆశ ఉండేది కాదు గనుక, బైబిలులోని 23వ కీర్తన మాటను తీసికొని, సైనికులు దానిని మృత్యుచ్ఛాయల లోయ అని పిలిచేవారు. టెన్నిసన్ కవి గీతంలో అశ్వదళం దూకిన లోయ వేరు, ఇది వేరు.

ఏప్రిల్ 23వ తేదీన ఫెంటన్ ఈ లోయను చిత్రించినాడు. ఆ చిత్రంలో మనిషి లేడు, గుర్రం లేదు, శవం లేదు, చెట్టు లేదు. రెండు బోడిగుట్టల నడుమ ఒక బండిదారి. ఆ దారిమీద, పక్క పల్లంలో రాలిన తాటికాయలలాగ ఫిరంగిగుండ్లు. అంతే. కాని ఆ శూన్యమే చూచినవారి గుండె నదిమివేస్తుంది.

ఈ చిత్రానికి జంట ఒకటున్నది. కెమెరా ఉన్నచోటు దాదాపు అదే, లోయ అదే, గుట్టలు అవే. పక్క పల్లంలో గుండ్లున్నవి; దారిమీద మాత్రం లేవు. రెండింటిలో ఏది ముందు తీసినది, ఏది వెనుక? గుండ్లున్న చిత్రమే ముందైతే, తరువాత ఎవరో దారి బాగుచేసి వాటిని తొలగించినారని సరిపెట్టుకోవచ్చును. ఖాళీ దారి ముందైతే మాత్రం, ఎవరో గుండ్లను తెచ్చి దారిమీద పరచినారేమోనన్న అనుమానం బలపడుతుంది. అమెరికన్ రచయిత్రి సూసన్ సొంటాగ్ 2003లో వెలువడిన తన గ్రంథంలో ఫెంటన్ గుండ్లను కావలెననే అమర్పించినాడని వ్రాసినది.

ఎరల్ మోరిస్ అనే సినిమా దర్శకుడికి ఈ తీర్పు తృప్తినీయలేదు. ఫెంటన్ మనస్సులో ఏమున్నదో తెలియకుండా, మనస్సునుబట్టి క్రమాన్ని నిర్ణయించడం తలక్రిందుల తర్కమని ఆయన వాదం. క్రిమియాకు స్వయంగా వెళ్ళి ఆ లోయను వెదకి పట్టుకొన్నాడు. గుండు నీడ ఏ వేళకు ఎటు పడుతుందో చూచినాడు. నిపుణులను అడిగితే వారు రెండు పక్షాలైనారు. నీడలతో తేలలేదు, మబ్బులతో తేలలేదు. 2007లో ఆయన ప్రకటించిన వ్యాసాలలో చివరకు సమాధానం చెప్పినవి గుండ్లు కావు, గుట్ట వాలున పడి ఉన్న చిన్న చిన్న రాళ్ళు.

రెండు చిత్రాలనూ పెద్దవిచేసి ఒకదాని పక్క ఒకటి పెట్టి చూచినప్పుడు, కొన్ని రాళ్ళు ఒకదానిలో ఒక చోట, రెండవదానిలో కొంచెం ఇవతల కనిపించినవి. మనుష్యులు అటూ ఇటూ నడిచినప్పుడు కాలు తగిలి అవి దొర్లినవి. కాలు తగిలిన రాయి వాలున క్రిందికి దొర్లుతుందిగాని పైకి ఎక్కదు. గుండ్లు దారిమీదనున్న చిత్రంలో ఆ రాళ్ళు దిగువగా ఉన్నవి. అనగా ఖాళీ దారి ముందు, గుండ్ల దారి తరువాత. పొగనుబట్టి నిప్పును తెలిసికొన్నట్లు, రాతినుబట్టి కాలక్రమాన్ని తెలిసికొన్నారు. మన తార్కికులు చూచి మెచ్చుకోదగిన అనుమానప్రమాణమిది.

అయితే రాళ్ళు చెప్పిన సాక్ష్యానికి హద్దు ఉన్నది. ఏది ముందో అవి చెప్పినవి. గుండ్లను ఎవరు కదిలించినారో, ఎందుకు కదిలించినారో చెప్పలేదు. ఆ లోయలో కాలు పెట్టడానికి చోటు లేకుండా గుండ్లు పడి ఉన్నవని ఫెంటన్ ఇంటికి వ్రాసిన లేఖ ఉన్నది. ఆయన పనిచేస్తున్నప్పుడు కూడ గుండ్లు వచ్చి పడినవి. కనుక ప్రమాదం కల్పితం కాదు. అమరిక కల్పితమైనా కావచ్చును. ఒకే చిత్రంలో ఒక సత్యమూ, దానిని చెప్పడానికి ఒక కల్పనా కలిసి ఉండవచ్చునని ఈ దారి నేర్పుతున్నది.

గుండ్లు కదిలించకుండానే, కుంచె పట్టకుండానే దృశ్యాన్ని మార్చే మార్గం ఇంకొకటున్నది. అది కెమెరాను నిలిపే తీరు. 1869లో టిమొతి ఒసల్లివన్ అనే ఛాయాగ్రాహకుడు అమెరికా ప్రభుత్వపు భూపరిశోధక బృందంతో యూటా ప్రాంతంలోని వెబర్ లోయకు వెళ్ళి, అక్కడి విచిత్రమైన రాతిస్తంభాలను చిత్రించినాడు. బృందనాయకుడు క్లారెన్స్ కింగ్. భూమి రూపం మెల్లమెల్లగానే గాక, మహోపద్రవాలవల్ల కూడ మారినదని ఆయన సిద్ధాంతం. 1977 మొదలు 1979 వరకు మార్క్ క్లెట్ మొదలైనవారు ఈ పాతచిత్రాలు తీసిన చోట్లకు మరల పోయి, అదే ఋతువులో, అదే వేళకు, అదే చోట కెమెరా నిలిపి వందకు పైగా దృశ్యాలను తిరిగి తీసినారు. వెబర్ లోయలో వారికొక వింత ఎదురైనది. రసమట్టం పెట్టి కెమెరాను సరిగా నిలిపితే పాతచిత్రం రాదు. కెమెరాను ఒక పక్కకు వంచితేనే వస్తుంది. ఒసల్లివన్ వంచి తీసినాడు. చిత్రంలో నేలయే విరుచుకొని లేచినట్లు కనిపించినది. కింగ్ సిద్ధాంతానికి తోడుగా వంచినాడో, రాళ్ళను చట్రంలో పొందించుకోవడానికి వంచినాడో చిత్రం చెప్పదు. ఒక్క రాతినైనా తాకకుండా ఒక కొండ స్వభావాన్ని మార్చవచ్చునని మాత్రం చెప్పుతున్నది.

చట్రంలో ఏమున్నదనే ప్రశ్నతో పాటు, చట్రంలో ఏమి లేదనే ప్రశ్న కూడ వేయవలెను. ఈ ప్రశ్న ఇంకా బరువైనది. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ కాలిఫోర్నియాలోని యొసెమిటీ లోయకు బ్రహ్మాండమైన కెమెరాను కంచరగాడిదల మీద చేర్చి, 18 అంగుళాల ఎత్తు, 22 అంగుళాల వెడల్పు గల గాజుపలకలమీద కొండలను, జలపాతాలను చిత్రించినాడు. ఆ చిత్రాల కీర్తి రాజధాని వరకు ప్రాకినది. 1864 జూన్ 30న అధ్యక్షుడు లింకన్ ఆ లోయను ప్రజలందరికోసం కాపాడవలెనన్న శాసనంపై సంతకం చేసినాడు. ప్రకృతిని రక్షించడంలో ఛాయాచిత్రం చేసిన మేలు ఇది. కాని ఆ చిత్రాలను చూచినవారికి, సృష్టి మొదలు మనిషి అడుగు పడని చోటుగా ఆ లోయ తోచినది. అది నిజం కాదు. అక్కడ తరతరాలుగా ఆవానీచీ అనే జనం కాపురమున్నారు. వాట్కిన్స్ రావడానికి పదేండ్ల ముందు, 1851లో, ఒక సాయుధదళం లోయలో ప్రవేశించి వారిని తరిమివేసినది. కెమెరా చూపిన ప్రశాంతత అబద్ధం కాదు. దాని వెనుకనున్న కథ చట్రంలో పట్టలేదు. నిర్జనమని చూపిన నేలమీద జనానికి హక్కు ఉన్నదని తరువాత ఎవరు తలుస్తారు?

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ఛాయాచిత్రాన్ని నమ్మనే కూడదని శ్రోతలు అనుకోవద్దు. దానికి విరుద్ధమైన ఉదాహరణ ఒకటున్నది. ఆన్సెల్ ఆడమ్స్ అనే అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఒకనాటి సాయంత్రం న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీదుగా పోతుండగా, తూర్పుకొండలపై చంద్రోదయమైనది. పడమట క్రుంకుతున్న సూర్యుని చివరి వెలుగు శ్మశానంలోని తెల్లని సిలువలమీద పడినది. కాంతిని కొలిచే పరికరం వెదికితే దొరకలేదు. చంద్రబింబపు కాంతి ఎంతో ఆయనకు కంఠస్థం. ఆ లెక్కతో ఒక్క చిత్రం తీసినాడు. రెండవది తీయబోయేలోగా సిలువలమీది వెలుగు పోయినది. తరువాత చీకటిగదిలో ఆయన ఆ నెగెటివునుంచి అచ్చులు వేసినప్పుడెల్లా ఆకాశాన్ని నల్లచేస్తూ పోయినాడు. తొలి అచ్చులలో లేతమబ్బులు గల సంధ్యాకాశం, చివరి అచ్చులలో దాదాపు అర్ధరాత్రి ఆకాశమైనది. ఆనాడు హెర్నాండెజ్‌లో నిలబడినవాడెవడూ అంత నల్లని ఆకాశాన్ని చూచి ఉండడు.

ఆడమ్స్‌కు తేదీ జ్ఞాపకముండేది కాదు. ఒక చోట ఒక సంవత్సరం, ఇంకొక చోట ఇంకొక సంవత్సరం చెప్పేవాడు. జ్ఞాపకమున్నది చంద్రునికి. కొండశిఖరానికి చంద్రబింబం ఎంత ఎత్తున ఉన్నది, కళ ఎంత నిండినది, నీడలు ఎటు పడినవి అనే విషయాలను ఖగోళశాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. మొదటి గణితం 1941 అక్టోబరు 31 అని తేల్చినది. డెన్నిస్ డి సిక్కో దానిని సవరించి 1991లో ప్రకటించిన ప్రకారం, ఆ చిత్రం తీసినది 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలం 4 గంటల 49 నిమిషాలకు. ఆకాశపు రంగును మార్చిన చిత్రకారుడు చంద్రుని స్థానాన్ని మార్చలేదు. ఆయన మరచిన సత్యాన్ని ఆయన చిత్రం దాచియుంచినది.

క్రిమియా రాళ్ళకూ ఈ చంద్రునికీ పోలిక గమనించండి. రెండూ ఛాయాగ్రాహకుడు చెప్పదలచుకొన్న మాటలు కావు. ఫెంటన్ గుండ్లను చూపినాడు. రాళ్ళు తమంతట తామే పడినవి. ఆడమ్స్ సంధ్యాశోభను చూపినాడు. గడియారపు లెక్క దానితో పాటు వచ్చి చేరినది. న్యాయస్థానంలో సాక్షి కంఠోక్తిగా చెప్పిన మాటకన్న, యథాలాపంగా అన్న మాటే ఎక్కువ నిజం బయటపెట్టడం ప్లీడర్లు ఎరిగిన విషయమే. ఛాయాచిత్రం కూడ అటువంటి సాక్షి. అది నొక్కి చెప్పినదానిని నెమ్మదిగా నమ్మవలెను. చెప్పకుండా చెప్పినదానిని శ్రద్ధగా వినవలెను.

అడగవలసినవాడు మాత్రం తన కన్నును కూడ ఒకసారి ప్రశ్నించుకోవలెను. మయసభలో నేలను నీరనుకొన్నది సుయోధనుని కన్నేగాని నేల చేసిన మోసం కాదు. 1976 జూలై 20న వైకింగ్ నౌక అంగారకునిమీద దిగి రంగుల చిత్రాన్ని పంపినది. మొదట వెలువడిన చిత్రంలో అక్కడి ఆకాశం మన ఆకాశంవలె లేతనీలంగా ఉన్నది. ఆకాశమంటే నీలమని భూలోకవాసులకు అలవాటు. త్వరలోనే శాస్త్రజ్ఞులు నౌకమీద అమర్చిన రంగుల కొలతపలకతో పోల్చి సరిచూచుకొన్నారు. గాలిలోని ధూళివల్ల ఆ ఆకాశం లేత గులాబివన్నెగా ఉన్నదని తేలినది. అలవాటు పూసిన నీలాన్ని పోల్చి చూచి తుడిచివేసినారు. ఇది ఉపమానం చేసిన ఉపకారం.

నేటి పరిస్థితి ఇంతకన్న చిక్కైనది. జర్మన్ ఛాయాగ్రాహకుడు ఆండ్రియాస్ గుర్స్కీ 1999లో రైన్ నదిని చిత్రించి, ఒడ్డునున్న కట్టడాన్ని, దారిన పోయేవారిని కంప్యూటరుతో తొలగించి, పచ్చని గట్ల నడుమ వట్టి నీటిపట్టెను మిగిల్చినాడు. చేసిన పనిని ఆయన దాచలేదు. 2011లో ఆ పటం 43 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయినది. అక్కడ కనీసం నది ఉన్నది, గట్టున్నది. ఇప్పుడు నాలుగు మాటలు చెప్పితే చాలు, ఎక్కడా లేని కొండను, ఎన్నడూ రాని వరదను ఛాయాచిత్రం పోలికతో కల్పించి ఇచ్చే యంత్రాలు వచ్చినవి. ఆ కొండవాలున కూడ రాళ్ళుంటవి. కాని అవి ఏ కాలు తగిలీ దొర్లినవి కావు. ఆ ఆకాశంలో కూడ చంద్రుడుంటాడు. అతనికి తిథి లేదు. సాక్షి అబద్ధమాడితే అడ్డుప్రశ్న వేసి నిజం రాబట్టవచ్చును. సంఘటన స్థలంలో అసలు లేనివానిని ఏమి అడిగి ఏమి రాబట్టగలము?

ఇది కళాకారుల తగవు మాత్రమే కాదు. ఊరి చెరువును వేసవిలో తీసిన చిత్రంలో అది బీడుభూమి. శ్రావణంలో తీసిన చిత్రంలో అదే నిండు జలాశయం. రెండూ నిజమే. కాని చెరువును పూడ్చి ఇండ్లస్థలాలు చేయదలచినవాడు మొదటి చిత్రాన్నే పట్టుకొని వస్తాడు. అప్పుడు, ఇది ఏ నెలలో తీసినది, ఎక్కడ నిలబడి తీసినది, చట్రానికి అవతల ఏమున్నది, దీనికి జంటచిత్రం ఏదైనా ఉన్నదా, తెచ్చినవారెవరు, వారికి ఇందులో లాభమేమి అని అడగగలిగిన ఊరికి చెరువు మిగులుతుంది. చిత్రం చూచి నోరు మూసికొన్న ఊరికి మిగలదు.

కాబట్టి ఛాయాచిత్రాన్ని ప్రత్యక్షమనే అరలోనుంచి తీసి శబ్దమనే అరలో పెట్టడం ఉచితం. అది మన కన్ను చూచినది కాదు. ఇంకొకరు చూచి మనకు చెప్పిన మాట. మాటకు విలువ చెప్పినవాని యోగ్యతనుబట్టి వస్తుంది. అందుకే మనవారు ఎవరి మాటనుబడితే వారి మాటను ప్రమాణమనలేదు, ఆప్తవాక్యాన్నే ప్రమాణమన్నారు.